జింకల చేనులో కలుపు తీయడానికి మూడున్నర గంటల డ్రైవ్

పోయిన జూన్ లాంగ్ వీకెండ్‌కి మా ఫ్రెండ్సంతా నయాగరా అనీ స్మోకీ మౌంటెన్స్ అనీ ప్లాన్లు వేసుకుంటుంటే నేను మాత్రం విస్కాన్సిన్‌లో ఒక పెద్దాయన పొలంలో కలుపు తీయడానికి పోయా. జోక్ కాదు, నిజంగానే కలుపు. పైగా ఆ పంట మనుషులకి కాదు, గొడ్లకీ కాదు, అడవి జింకలకి. మా ఆవిడకి చెప్తే ముందు నమ్మలేదు, తర్వాత "మన బ్యాక్‌యార్డ్‌లో డాండిలయన్లు పీకమంటే నడుం పట్టేసింది అంటారు కదా" అంది, దానికి నా దగ్గర జవాబు లేదు, బ్యాగ్ సర్దుకున్నా.

విషయం ఏంటంటే, నాతో చాలా ఏళ్ళు పనిచేసి రిటైరైన ఒకాయనకి రిచ్‌లాండ్ కౌంటీలో 80 ఎకరాలుంది. 80 ఎకరాలు అనగానే మనవాళ్ళకి పెద్ద ఆసామి కళ్ళముందు కనిపిస్తాడు, అంత సీన్ లేదు, ముప్పాతిక వంతు కొండలూ ఓక్ చెట్లూ, మిగిలింది పక్క రైతుకి కౌలుకిచ్చాడు, తన కోసం అడవి అంచున రెండు చిన్న ముక్కలు మాత్రం ఉంచుకున్నాడు. వాటిని ఇక్కడ ఫుడ్ ప్లాట్ అంటారు, జింకలు వచ్చి మేయడానికే వేసే పంట. నవంబర్‌లో థ్యాంక్స్‌గివింగ్ ముందు శనివారం నుంచి 9 రోజులు తుపాకీ వేట సీజన్, దాని కోసం ఏడాది పొడుగునా ఈ సేద్యం. మా నాయిన నారాయణపేట దగ్గర చేన్లో కృష్ణజింకల్ని తోలలేక చస్తుంటే ఈయన వాటికి విత్తనాలు కొని, సున్నం చల్లి, కలుపు తీసి పిలుస్తున్నాడు, అది ఒకసారి కళ్ళారా చూడాలని ఎప్పటినుంచో ఉంది.

చికాగో పక్కన మా నాపర్‌విల్ నుంచి పొద్దున్నే బయల్దేరి రాక్‌ఫర్డ్ మీదుగా మాడిసన్ దాకా డ్రైవ్‌లో చెప్పుకోడానికి ఏం లేదు, మొక్కజొన్న, సోయా, మొక్కజొన్న, సోయా. మాడిసన్ దాటి హైవే 14 ఎక్కాక మాత్రం ఉన్నట్టుండి భూమి లేచి నిలబడుతుంది. మంచుయుగంలో చుట్టుపక్కల ఊళ్ళన్నీ మంచు పలకల కింద పడి చదునైపోతే ఈ ఒక్క ముక్కా తప్పించుకుందట, డ్రిఫ్ట్‌లెస్ ఏరియా అంటారు, అందుకే ఇలా కొండలూ లోయలూ. స్ప్రింగ్ గ్రీన్ ముందు విస్కాన్సిన్ నది దాటాం (నేనూ, పక్క సీట్లో పులిహోర డబ్బా), ఒక చోట ఆగి చీజ్ కర్డ్స్ కొన్నా, తాజావైతే పళ్ళ కింద కీచుకీచుమంటాయి. ఆర్కిటెక్చర్ ఇష్టమున్నోళ్ళు ఇక్కడ టాలియెసిన్ చూడ్డానికి ఆగుతారు, అది ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్ తన కోసం కట్టుకున్న ఇల్లు, ఆయన పుట్టింది కూడా రిచ్‌లాండ్ సెంటర్‌లోనే, 1867లో. నేను ఆగలేదు, కలుపు ఎదురుచూస్తోంది.

దిగగానే పెద్దాయన చేసిన మొదటి పని నా ప్యాంటు అంచుల్ని సాక్సుల్లోకి దోపించడం. టిక్స్ భయం, మన గోమార్ల లాంటివే గానీ ఇక్కడివి లైమ్ రోగం అంటిస్తాయి. ఆ వేషంలో నన్ను చూస్తే మా ఊళ్ళో కుక్కలు కూడా మొరిగేవి.

ప్లాట్ దగ్గరికి పోయి చూస్తే, అర ఎకరం కంటే కాస్త ఎక్కువుంటుంది, నేల మీద పచ్చటి దుప్పటి పరిచినట్టు మూడేసి ఆకుల తెల్ల క్లోవర్. మనకి జనుము, పిల్లిపెసర ఎలాగో ఇదీ అలాగే, పప్పుజాతి, వేళ్ళకి బుడిపెలు, గాల్లో నత్రజని లాగి నేలలో పెడుతుంది. ఒక మొక్క తవ్వి చూపించాడు, బుడిపె గోటితో నొక్కితే లోపల లేత ఎరుపు, అలా ఉంటే పనిచేస్తున్నట్టు. మార్చిలో నేల రాత్రి గడ్డకట్టి పగలు కరుగుతున్నప్పుడు విత్తనం ఊరికే పైన చల్లేస్తాడట, నేల నోరు తెరిచి మూసుకుంటూ విత్తనాన్ని తనే లోపలికి లాక్కుంటుంది. దున్నే పనే లేదు. దీన్ని ఫ్రాస్ట్ సీడింగ్ అంటారు, నాకు భలే నచ్చింది.

దూరం నుంచి అంతా పచ్చగానే ఉంది గానీ మోకాళ్ళ మీద కూర్చుంటే అసలు సంగతి తెలిసింది. ఫాక్స్‌టెయిల్ గడ్డి జానెడు లేచింది, అక్కడక్కడా ముళ్ళ థిసిల్, రాగ్‌వీడ్. నాకు అర్థం కానిది ఒకటే, క్లోవర్ అంత బలంగా ఉంటే గడ్డి ఎలా వస్తుంది? దానికి ఆయన నవ్వి, గడ్డిని పిలిచేదే క్లోవర్ అన్నాడు. అది నేలలో పెట్టిన నత్రజని తినడానికి గడ్డి వస్తుంది, మూడు నాలుగేళ్ళు బాగా కాసిన ప్లాట్‌లోనే గడ్డి ఎక్కువ. అందుకే యూరియా లాంటిది ఒక్క గింజ కూడా వేయడు, వేస్తే గడ్డికి పండగ. భాస్వరం, పొటాష్, సున్నం, అంతే. మరీ గడ్డి మయమైపోతే దున్నేసి ఒక ఏడాది ఓట్స్ వేసి మళ్ళీ మొదలు.

ఆ చేను మధ్యలో ఇనప జాలితో చేసిన గుండ్రటి గంప లాంటిది ఒకటి బోర్లించి మేకులతో దిగ్గొట్టి ఉంది, నడుం ఎత్తు, మూడడుగుల వెడల్పు. అందులోకి జింకలు మూతి పెట్టలేవు. లోపల క్లోవర్ మోకాలి దాకా ఉంది, బయట మాత్రం నా బెత్తెడు కూడా లేదు, కాడలన్నీ కొరికేసి ఉన్నాయి. నేను అనుకుంది క్లోవర్ పొట్టి రకమని, కాదు, రాత్రిళ్ళు మేస్తున్నాయి. గంప లేకపోతే ఎంత తింటున్నాయో తెలిసే దారే లేదు అన్నాడు. ఆ మాట అప్పుడు పట్టించుకోలేదు.

మొదటి రోజు పని రెండో ప్లాట్‌లో, కోత. అక్కడ వెడల్పాకు కలుపు ఎక్కువ, గింజ కట్టకముందే పైన కోసేస్తే సరిపోతుంది. క్లోవర్ ప్రాణం నేలబారు పాకే కాడలో ఉంటుంది, మన గరిక లాగా, కాబట్టి 6, 8 అంగుళాల ఎత్తులో కోస్తే దానికేం కాదు, నిటారుగా లేచే కలుపుకి మాత్రం తల పోతుంది. ఎండలు ముదిరి వాన లేకుండా ఉంటే మాత్రం కొయ్యడు, క్లోవర్ కూడా మాడిపోతుంది. ట్రాక్టర్ స్టార్ట్ చేసే ముందు ఇద్దరం ప్లాట్ చుట్టూ, మధ్యలో కర్రలతో గడ్డి పక్కకి తోస్తూ నడిచాం, ఎందుకో నాకు చెప్పలేదు. తూర్పు మూలలో ఆగిపోయి నా చెయ్యి పట్టుకున్నాడు. కాలికి రెండడుగుల దూరంలో జింక పిల్ల. మెడ నేలకి ఆనించి, చెవులు వెనక్కి అతికించుకుని, ఎర్రటి ఒంటి మీద తెల్ల చుక్కలు, ముక్కు మీద ఈగ వాలినా కదల్లేదు. పక్కటెముకలు మాత్రం గబగబా కొట్టుకుంటున్నాయి. తల్లి పగలంతా దూరంగా మేస్తుంది, పిల్ల వాసన లేకుండా ఇలా అతుక్కుని పడుకుంటుంది, ట్రాక్టర్ మీదికొచ్చినా లేవదట. ఆ మూల వదిలేసి మిగతాది కోశాం. ఈయనే కదా నవంబర్‌లో కాల్చేది అని నా మనసులో ఒక మాట వచ్చింది, అడగలేదు, అడిగి ఉంటే ఏం చెప్పేవాడో నాకు తెలుసనే అనిపించింది.

కోయకముందు ఇంకో తమాషా. కలుపు పీకుతూ చూస్తే అందులో సగం నాకు చుట్టాలే! పిగ్‌వీడ్ అంటే మన తోటకూర దాయాదే, లాంబ్స్‌క్వార్టర్స్ అంటే సాక్షాత్తూ పప్పుకూర, చక్రవర్తి కూర అని కూడా అంటారు. ఆ ప్లాట్‌లో ఈ ఏడాది ఏ మందూ కొట్టలేదని రెండుసార్లు అడిగి కన్ఫర్మ్ చేసుకుని లేత చివుళ్ళు ఒక కవరు నిండా కోశా. ఆయన ముఖం చూడాలి, తన శత్రువుల్ని కూలర్‌లో ఐస్ వేసి భద్రం చేస్తున్నా మరి.

ఆ ఉత్సాహంలోనే నేను చేసిన వెధవ పని కూడా చెప్పాలి. గట్టు మీద సోంపు పువ్వుల్లా పసుప్పచ్చ గొడుగులతో ఒక మొక్క, ఎండలో, గ్లవ్స్ తీసేసి మరీ పీకా. ఆయన అరిచిన అరుపుకి నిజంగా భయపడ్డా. వైల్డ్ పార్స్‌నిప్. దాని రసం చర్మానికి తగిలి ఎండ పడితే కాలినట్టు బొబ్బలు వస్తాయి. వెంటనే సబ్బుతో కడిగి చొక్కా చేతులు దించుకున్నా గానీ అప్పటికే లేటు, రెండు రోజులకి మణికట్టు మీద వాత పెట్టినట్టు తేలింది, ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

రెండో రోజు పొద్దున మందు కొట్టడం. గాలి లేని టైమ్ చూసి, మొదటి ప్లాట్‌లో గడ్డికి. మందు పేరు క్లెథోడిమ్, గడ్డిజాతిని మాత్రమే చంపుతుంది, క్లోవర్ జోలికి పోదు. కాస్త నూనె కూడా కలపాలి, ఆకుకి పట్టి లోపలికి దిగడానికి. గడ్డి లేతగా, చురుగ్గా పెరుగుతున్నప్పుడే కొట్టాలి, ముదిరి వెన్ను తీశాక కొడితే డబ్బు దండగ. ఇవతల ఎనిమిదయ్యింది, అంటే ఇంటి దగ్గర సాయంత్రం ఆరున్నర, నాయినకి వీడియో కాల్ చేసి డబ్బా చూపించా. ఇంగ్లీషు రాదు గానీ పని చెప్పగానే పట్టేశాడు, మన దగ్గర గడ్డికి కొట్టే టర్గా సూపర్ గుర్తొచ్చింది ఆయనకి.

"గిది మన టర్గా సూపర్ అసొంటిదే కదరా. వారం అయినంక మొవ్వు పట్టి గుంజు, ఊడొస్తది. ఊడొచ్చిందంటే మందు పనిచేసినట్టు."

నేను ఆ మాట పెద్దాయనకి చెప్తే ఆయన కాసేపు ఫోన్ వైపు చూసి, ఆయన కరెక్ట్, నేను కూడా అలాగే చూస్తా అన్నాడు. ఇద్దరికీ భాష కలవదు, మొవ్వు దగ్గర కలిశారు.

వెడల్పాకు కలుపుకి వేరే మందు ఉంది, 2,4-డీబీ. ఇక్కడే పెద్దాయన ఒకసారి దెబ్బ తిన్నాడు. 2,4-డి మన వరి రైతులందరికీ తెలుసు, అది క్లోవర్‌ని దెబ్బతీస్తుంది. డీబీ అలా కాదు, దానంతటది పెద్ద విషం కాదు, కలుపు మొక్కే దాన్ని లోపల 2,4-డి కింద మార్చుకుని చస్తుంది, పప్పుజాతి ఆ మార్పిడి చాలా మెల్లగా చేస్తుంది కాబట్టి బతుకుతుంది. ఒక ఏడాది ఈయన షెడ్‌లో చీకట్లో ఒక అక్షరం తక్కువున్న డబ్బా తీసుకెళ్ళాడు. ప్లాట్ పోయింది. ఇప్పుడు ఆ డబ్బాలు రెండూ షెడ్‌లో రెండు చివర్లలో ఉంటాయి, ఒకదాని మీద ఎర్ర పెయింటుతో కొట్టేసిన గుర్తు. ఇంకోటి కూడా చెప్పాడు, పని కలిసొస్తుంది కదా అని డీబీని, గడ్డి మందుని ఒకే ట్యాంకులో కలిపితే గడ్డి మందు బలం తగ్గుతుంది, కొన్ని రోజులు ఆగి విడివిడిగా కొట్టుకోవాలి. థిసిల్‌కి మాత్రం ఇవేవీ ఆనవు, వేరు లోతు. దానికి పీవీసీ పైపుకి తాడు గుచ్చి చేసిన ఒక తుడుపు కర్ర ఉంది, పైపులో దాదాపు ఏ పచ్చ మొక్కనైనా చంపే గ్లైఫోసేట్, తాడు తడిగా ఉంటుంది, క్లోవర్ కంటే ఎత్తుగా లేచిన థిసిల్‌కి మాత్రమే తగిలేలా పైపైన తుడుచుకుంటూ పోవాలి. ఆ పని నాకు ఇచ్చాడు, సున్నం వేసినట్టు ఉంటుంది, మజా వచ్చింది.

మధ్యాహ్నం వరండాలో పులిహోర తింటూ (ఆయన రెండోసారి వేసుకున్నాడు, మిరపకాయలు మాత్రం ప్లేట్ అంచున వరుసగా పేర్చాడు) ఇంత కష్టం ఎందుకు, మొక్కజొన్న బస్తా ఒకటి కుమ్మరిస్తే సరిపోదా అని అడిగా. ఇక్కడ అలా కుమ్మరించడానికి చట్టం ఒప్పుకోదు. 2002లో మాడిసన్ పక్కన మౌంట్ హోరెబ్ దగ్గర జింకల్లో సీడబ్ల్యూడీ అనే మెదడు రోగం బయటపడింది, మందు లేదు, ఒకే కుప్ప దగ్గర మూతులు కలిస్తే పాకుతుంది, అందుకని ఈ కౌంటీలో ఎర వేయడం బంద్, పంట వేసుకోవచ్చు. తను కొట్టిన ప్రతి జింక తలా టెస్టుకి ఇచ్చి, రిజల్ట్ వచ్చేదాకా మాంసం ఫ్రీజర్‌లో పెట్టుకుంటాడట. మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం కింద జింకని ముట్టుకుంటే జైలే అని చెప్తే, మరి మీ నాన్న పంట ఎలా కాపాడుకుంటాడు అన్నాడు. చీరలు కడతాడు, డబ్బాలు కొడతాడు అన్నా. ఆయన నవ్వలేదు.

ఇంటికొచ్చాక పప్పుకూర పప్పు చేసుకున్నాం, మా ఆవిడ రెండు ముద్దలు తిని "సరే, వచ్చే ఏడు కూడా పోండి" అంది. ఆ రాత్రి నాయినకి ఫోటోలన్నీ పంపా. జింక పిల్ల ఫోటోకి ఏం అనలేదు, ట్రాక్టర్‌కీ ఏం అనలేదు. అక్కడ మా చేన్లో కంది మొలకలు అప్పుడే వస్తున్నాయి, కృష్ణజింకలు పొద్దున్నే గుంపుగా దిగుతున్నాయట, పోయినేడు నష్టం రాసుకోడానికి వచ్చినాయన ఇది జింకలే తిన్నయని ఏం రుజువు, మొలకే రాలేదేమో అని పోయిండట. కాసేపటికి జాలి గంప ఫోటో ఒక్కటి మళ్ళీ నాకే పంపి కింద వాయిస్ మెసేజ్ పెట్టాడు.

"గా గంప ఎంత ఎత్తు, ఎంత ఎడల్పు, కొలిచి చెప్పు. లోపట మొలకలుండి బయట లేకుంటే ఇగ ఏమంటడో చూస్త."

పెద్దాయనకి మెసేజ్ పెట్టా. పది నిమిషాల్లో టేపు పట్టి కొలిచిన ఫోటోలు నాలుగు వచ్చాయి, జాలి గేజ్ ఎంతో, మేకు ఎంత లోతు కొట్టాలో కూడా రాసి.