తడి బనీను బరువు

సాయంత్రం ఐదింటికి, ఇంట్లో బరువు చూసుకునే మిషన్ని తువ్వాల్లో చుట్టుకుని కబడ్డీ కోర్టు దగ్గరికి వెళ్ళాను. సెలవులకి కోవూరు వచ్చి పది రోజులైంది. స్పోర్ట్స్ సైన్స్‌లో రెండో ఏడు పూర్తయినా ఇంకా "అంటే పీఈటీ చదువే కదమ్మా" అంటారు. ఇవాళ ఒకరికైనా ఇదేం చదువో చూపించాలనిపించింది.

ఎండ తగ్గింది కానీ ఉక్క తగ్గలేదు. వేసవిలో మన నెల్లూరు వైపు ఇదే బాధ. చెమట పట్టినంత మాత్రాన ఒళ్ళు చల్లబడదు. ఆ చెమట ఆవిరైతేనే వేడిని తీసుకుపోతుంది. గాలిలో ఇంత తేమ ఉంటే అది ఆరకుండా ధారలుగా కారిపోతుంది. ఒంట్లో నీరు పోతుంది, వేడి మాత్రం అలాగే ఉంటుంది.

బాబాయ్ పిల్లలకి ఆట నేర్పేటప్పుడు మధ్యలో నీళ్ళు తాగనివ్వడు. "కడుపు పట్టేస్తుంది" అంటాడు. ఆయనకి నేర్పినవాళ్ళూ అలాగే నేర్పారు. ఆయనతో వాదించాలంటే నాకు టెన్షన్. అందుకే మిషన్ తీసుకెళ్ళాను.

ఆట మొదలయ్యే ముందు తమ్ముణ్ణి ఒక్క నిక్కరుతో తూచాను. 61.2 కిలోలు. గంటంపావు ఆడి వచ్చాక తూస్తే 60.5. ఇంతేనా అనుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది, వాడి ఒంటిమీద బనీను ఉంది, అదీ నిక్కరూ పిండితే నీళ్ళు కారేలా ఉన్నాయి. చెమట ఒంట్లోంచి పోయినా బట్టల్లోనే ఉండిపోయింది. ల్యాబ్‌లో మేడమ్ ఎన్నిసార్లు చెప్పారో ఈ మాట! ఒళ్ళు తుడిపించి, పొడి నిక్కరు వేయించి మళ్ళీ తూచాను. 59.8.

వాడు గుక్కెడు నీళ్ళు తాగలేదు, మధ్యలో మూత్రానికీ వెళ్ళలేదు. తగ్గిన 1.4 కిలోలంటే దాదాపు లీటరున్నర చెమట. ఒంటి బరువులో 2 శాతం దాటింది. అంత నీరు పోతే రక్తం పరిమాణం తగ్గి, అదే పనికి గుండె ఇంకా వేగంగా కొట్టుకోవాల్సి వస్తుంది. చివర్లో వాడు కూతకెళ్ళి మూడుసార్లు దొరికిపోయాడు. అది నీళ్ళు లేకేనని ఒక్కణ్ణి చూసి చెప్పలేను. చెప్పలేదు కూడా. అంకెలు మాత్రం బాబాయ్‌కి చూపించాను.

"ఏందమ్మాయ్, ఇదంతా చెమటేనా?" అని మిషన్ వంక చాలాసేపు చూశాడు. ఒకేసారి చెంబులకొద్దీ తాగొద్దని, అలా మరీ ఎక్కువ తాగితే రక్తంలో సోడియం పలచబడుతుందని, మధ్యమధ్యలో కొంచెం కొంచెం తాగి, ఆటయ్యాక ఉప్పేసిన మజ్జిగ తాగితే చాలని చెప్పాను. ఎదురు చెప్పలేదు. కాసేపటికి, తాను పద్దెనిమిదేళ్ళప్పుడు ఒంగోలులో ఒక ఫైనల్ ఆడుతూ కళ్ళు తిరిగి పడిపోయిన సంగతి చెప్పాడు. "పిరికివాడన్నారు నన్ను. నేనూ అదే అనుకున్నా ఇన్నాళ్ళూ."

నా దగ్గర మాట లేదు. గొంతు పట్టేసింది.

ఇంటికొచ్చేసరికి పిన్ని పెరట్లోంచి పాత కుండ తీసి కడుగుతోంది. పొద్దున కోర్టు దగ్గర పెట్టడానికట. బాబాయ్ చెప్పాడంది.