విశాఖలో ఫ్రీ డిష్ నేనే బిగించుకున్నాను: లెక్కలు, జాగ్రత్తలు

పెదవాల్తేరులో మా మూడంతస్తుల డాబా మీద డీడీ ఫ్రీ డిష్, అంటే డిష్‌తో ఉపగ్రహం నుంచి నేరుగా ఇంటికి టీవీ చానళ్లు అందించే (డీటీహెచ్) దూరదర్శన్ ఉచిత సర్వీసు, నా చేత్తో నేనే బిగించాను. 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలైన సర్వీసే ఇది. నెలనెలా కట్టేదేమీ లేదు, సామాను ఒక్కసారి కొనుక్కుంటే సరి. ఇప్పుడు 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీదున్న జీశాట్-15 ఉపగ్రహం నుంచి వస్తోంది. టీవీకి తగిలించే సెట్‌టాప్ బాక్సు మాత్రం ఎంపెగ్-4ది (బొమ్మని కుదించి పంపే కొత్త పద్ధతిది) తీసుకోండి. పాత ఎంపెగ్-2 బాక్సులో కొన్ని చానళ్లు అసలు కనపడవు.

డిష్ 60 సెంటీమీటర్లది సరిపోతుందంటారు. నేను 75ది కొన్నాను. వైశాల్యం సగానికి పైగా పెరుగుతుంది కాబట్టి వానలో బొమ్మ కాస్త ఎక్కువసేపు నిలుస్తుంది. అయితే గాలి కూడా అంతే ఎక్కువగా తోస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసిన ఊరు మనది, పిట్టగోడ ఇటుకల్లో మేకులు దిగ్గొట్టి వదిలేయకూడదు. కాంక్రీటు ఉన్న చోట 10 మిల్లీమీటర్ల యాంకర్ బోల్టులు నాలుగు వేశాను. డిష్‌ని మోసే గొట్టం నిలువుగా ఉందో లేదో రసమట్టంతో రెండు పక్కల నుంచీ చూడాలి. గొట్టం వంగితే డిష్ వెనకున్న కోణం స్కేలు చూపించే అంకె తప్పవుతుంది.

ఇక దిశ. విశాఖ నుంచి ఈ ఉపగ్రహం ఉత్తరం నుంచి సవ్యంగా కొలిస్తే 149 డిగ్రీల దగ్గర, నేల నుంచి 66 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. బీచ్ రోడ్డులో సముద్రానికి ఎదురుగా నిలబడి, డాల్ఫిన్ నోస్ వైపుకి కొద్దిగా తిరిగితే దాదాపు అదే దిక్కు. ఫోన్లో దిక్సూచి చూసేవాళ్లు ఇనుప చువ్వలకీ, నీళ్ల ట్యాంకు స్టాండుకీ రెండు మీటర్లు ఎడంగా జరగండి. లేకపోతే ముల్లు పక్కకి లాగేస్తుంది.

66 డిగ్రీలంటే బాగా పైకి. కొండలు అడ్డొస్తాయన్న భయం అక్కర్లేదు. పది అడుగుల దూరంలో ఉన్న గోడ డిష్ కన్నా 22 అడుగులు పైకి లేస్తేగానీ అడ్డురాదు. అడ్డొచ్చేవి పక్కింటి కొబ్బరిచెట్లే. దీనికి మంచి పరీక్ష ఒకటుంది. మార్చి 12 ప్రాంతంలో ఉదయం 11.20కి, అక్టోబరు మొదటి రోజుల్లో 11 గంటలకి మన ఊళ్లో సూర్యుడు సరిగ్గా ఈ ఉపగ్రహం వెనక ఉంటాడు. ఆ వేళకి డిష్ మీద చెట్టు నీడ పడుతుంటే సిగ్నలుకీ ఆ చెట్టు అడ్డమే. ఆ రోజుల్లో ఆ కొన్ని నిమిషాలు బొమ్మ పోతుంది. అది ఎండ వల్లే, ఏమీ కదపొద్దు.

డిష్ ముందు చేతికి ఉండే, సిగ్నల్ అందుకునే ముక్కని ఎల్‌ఎన్‌బీ అంటారు. దాన్ని కూడా తిప్పాలని చాలామందికి తెలియదు. డిష్ వెనక నిలబడి ఉపగ్రహం వైపు చూస్తూ, గడియారం ముల్లుకి ఎదురు దిశలో సుమారు 29 డిగ్రీలు తిప్పి మొదలుపెట్టాను. బాక్సు సెట్టింగుల్లో పెట్టినవి ఇవి: ఎల్‌ఎన్‌బీ యూనివర్సల్, 9750/10600, ఫ్రీక్వెన్సీ 11090, వర్టికల్, సింబల్ రేటు 29500, 22కే ఆఫ్.

తెర మీద రెండు గీతలు వస్తాయి. స్ట్రెంగ్త్ గీతని నమ్మొద్దు. ఎల్‌ఎన్‌బీకి కరెంటు అందితే చాలు, డిష్ ఖాళీ ఆకాశాన్ని చూస్తున్నా అది పైకే ఉంటుంది. చూడాల్సింది క్వాలిటీ. బాక్సుకి సిగ్నల్ పట్టడానికి రెండు మూడు సెకన్లు పడుతుంది కాబట్టి డిష్‌ని వేలెడంత జరిపి, మూడు లెక్కపెట్టి, మళ్లీ జరపాలి. గబగబా తిప్పేవాళ్లు ఉపగ్రహాన్ని దాటేసి గంటలు గంటలు వెతుకుతారు. పక్కనే, 95 డిగ్రీల దగ్గర, ఇంకో డీటీహెచ్ ఉపగ్రహం ఉంది. అందుకని క్వాలిటీ రాగానే సంబరపడక, స్కాన్ చేసి డీడీ సప్తగిరి చానల్ వచ్చిందో లేదో చూసుకోండి. నట్లు బిగించేటప్పుడు డిష్ కాస్త వాలుతుంది. అటూ ఇటూ మార్చి మార్చి, క్వాలిటీ చూస్తూ బిగించాలి.

మొదటి రోజు క్వాలిటీ 72 వచ్చింది. వానాకాలం దాటేసరికి 40కి పడి, బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోయింది. డిష్ కదల్లేదు. ఎల్‌ఎన్‌బీ దగ్గర ఎఫ్ కనెక్టరు (వైరు చివర బిగించే లోహపు ముక్క) విప్పితే వైరు మధ్య రాగి తీగకి పచ్చటి చిలుము, దాని చుట్టూ ఉండే సన్న తీగల అల్లిక బూడిదరంగుకి తిరిగి తడితడిగా ఉంది. మన ఉప్పుగాలికి ముందు పోయేది ఇదే. నీరు తొడుగు కింద నుంచి వైరు పొడవునా పాకుతుంది, చివర కోస్తే చాలదు. అల్లిక మెరుస్తూ కనిపించేదాకా కోసుకుంటూ వెళ్తే అడుగున్నర పోయింది. కొత్త కనెక్టరు మెలితిప్పే రకం కాకుండా, కంప్రెషన్ పనిముట్టుతో నొక్కే రకం వేశాను. మధ్య తీగ కనెక్టరు అంచు దాటి రెండు మూడు మిల్లీమీటర్లు బయటికి ఉండాలి. అల్లికలోది ఒక్క వెంట్రుక దానికి తగిలినా షార్టే. పైన మామూలు ఇన్సులేషన్ టేపు వద్దు, ఎండకి జిగురు కారిపోతుంది. తనకు తానే అతుక్కునే రబ్బరు టేపుని సాగదీస్తూ, కింది నుంచి పైకి చుట్టాలి. అప్పుడు పెంకుల మీద జారినట్టు నీళ్లు జారిపోతాయి. కనెక్టరు ముందు వైరుకి కిందికి ఒక వంపు కూడా వదిలాను, చినుకులు అక్కడే రాలిపోతాయి.

క్వాలిటీ మళ్లీ 72కి వచ్చింది. ఆకాశం తేటగా ఉన్న రోజున రెండు గీతల అంకెలూ బాక్సు వెనక పెన్సిలుతో రాసుకున్నాను. వాన లేనప్పుడు రెండూ పడిపోతే వైరూ కనెక్టరూ చూస్తాను. స్ట్రెంగ్త్ అలాగే ఉండి క్వాలిటీ ఒక్కటే పడితే స్పానరు పట్టుకుని డాబా ఎక్కుతాను.