ఆ గడి దగ్గర ఆగిన పెన్ను

"అన్నా, ఇక్కడ నిజం రాస్తే తీసుకోరా?" ఈపొద్దు తిరుపతిలో రక్తదాన శిబిరంలో ఫారం నింపుతా, మగవాళ్లతో సంబంధం ఉందా అనే గడి దగ్గర ఆగి ఒక పిల్లోడు మెల్లిగా అడిగినాడు. బరువు 62 కిలోలు, హిమోగ్లోబిన్ 14. 450 మిల్లీలీటర్లు ఇయ్యాలంటే 55 కిలోలు, 12.5 ఉంటే చాలు.

తీసుకోరు. మగవాళ్లతో సంబంధం ఉన్న మగవాళ్లు, ట్రాన్స్‌జెండర్లు ఎప్పటికీ రక్తం ఇయ్యకూడదని 2017 జాతీయ మార్గదర్శకాల్లో రాసిపెట్టినారు. పదేళ్లుగా ఒకే తోడుతో ఉన్నా అంతే. 2021లో దీని మీద సుప్రీంకోర్టుకు పోయినారు.

భయమంతా విండో పీరియడ్, అంటే రోగం సోకినా పరీక్షలో కనపడని కాలం గురించే. హెచ్‌ఐవీ సోకిన కొత్తలో పరీక్షకు దొరకదు. ఎలైజా అనే మామూలు రక్తపరీక్షకైతే కొన్ని వారాలు పడుతుంది, వైరస్ జన్యు పదార్థాన్నే వెతికే న్యాట్ పరీక్షలో ఇంకా ముందే తెలుస్తుంది. ఆ భయం నిజమే, రక్తం ఎక్కించుకునే బిడ్డ గురించి ఆలోచించాల్సిందే. కానీ అందుకు నెలల లెక్క చాలు, జన్మంతా ఎందుకు?

బ్రిటన్‌లో 2021 జూన్ నుంచి ఆడామగా తేడా లేకుండా అందరినీ ఒకే తీరుగా అడుగుతున్నారు: గత 3 నెలల్లో కొత్త తోడు ఉన్నారా, ఒకరికంటే ఎక్కువ మందా, ఎట్లాంటి కలయిక? ముప్పున్నవాళ్లు 3 నెలలు ఆగాలి, అంతే.

అబద్ధం మాత్రం రాయొద్దు నాయనా అన్నాను. ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాడు.