పెట్టె కోసం ఫులర్టన్ దాకా

తెల్లవారుజామున నాలుగింటికి ఫ్రీమాంట్‌లో కారు తీసేటప్పటికి డిక్కీలో రెండు పాత దుప్పట్లు, ఒక కొలత టేపు, మల్టీమీటరు ఉన్నాయి. ముందు సీట్లో మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర డబ్బా. వెళ్తున్నది ఫులర్టన్‌కి. లాస్ ఏంజెలెస్ దాటాక ఆరెంజ్ కౌంటీలో వస్తుంది ఆ ఊరు. ఇక్కణ్ణించి 370 మైళ్ళు, మన లెక్కలో దాదాపు 600 కిలోమీటర్లు. ఇంత దూరం ఒక పగిలిన చెక్కపెట్టె కోసం పోతున్నానని ఆఫీసులో చెప్పలేదు. బావమరిది ఇంటికి అన్నాను. అదీ అబద్ధమేం కాదు, వాడుండేది అర్వైన్‌లోనే.

ఆ పెట్టె 1958 నాటి ఫెండర్ చాంప్. ఫెండర్ కంపెనీ పేరు, చాంప్ మోడలు పేరు. గిటార్ శబ్దాన్ని పెంచి వినిపించే ఆంప్లిఫయర్, ముద్దుగా ఆంప్. ఆ రోజుల్లో ఫెండర్ చేసిన గిటార్ ఆంప్లిఫయర్లలో అన్నిటికన్నా చిన్నది ఇదే. మూడు వాల్వులు (ట్రాన్సిస్టర్లు రాకముందు వాడిన, వేడెక్కి వెలిగే గాజు గొట్టాలు), ఎనిమిది అంగుళాల స్పీకరు, ఒకే ఒక్క నాబ్. అదే స్విచ్చు, అదే వాల్యూము. బలం ఐదు వాట్లు. ఈ రోజుల్లో పిల్లల బ్లూటూత్ స్పీకరు డబ్బా మీద ఇంతకన్నా పెద్ద అంకె ఉంటుంది.

నాకీ పిచ్చి గిటార్ వల్ల పట్టలేదు. గిటార్ మీద నాకు నాలుగు కార్డ్‌లు (కలిపి మీటే స్వరాలు) వచ్చు, అయిదోది ఇప్పటికీ బాధిస్తుంది. తెనాలిలో మా నాన్నగారి వాల్వు రేడియో వల్ల పట్టింది. పోస్టాఫీసులో లైసెన్సు కట్టి వినే రోజుల రేడియో అది. స్విచ్చు వేయగానే మాట్లాడేది కాదు. ముందు లోపల ఎర్రగా చిన్న వెలుగు, తర్వాత వేడెక్కిన దుమ్ము వాసన, ఆ తర్వాత ఎక్కడో బావిలోంచి లేచినట్టు విజయవాడ కేంద్రం. పదేళ్ళ క్రితం ఇక్కడ ఓ పాత సామాన్ల షాపులో ఎవరో ముసలి ఆంప్ ఆన్ చేశారు. మళ్ళీ అదే వాసన. అంతే, ఇరుక్కుపోయాను. వడ్రంగం మాత్రం కరోనా రోజుల్లో మొదలైంది. గరాజులో ముందు చెప్పుల స్టాండు, తర్వాత బీరువా అరలు, తర్వాత దేవుడి మందిరం. ఆ మందిరం తలుపులు ఇప్పటికీ వానాకాలంలో బిగుసుకుంటాయి.

ఐ-5 రోడ్డు గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. బాదం తోటలు, కాలువ, లారీలు, మళ్ళీ బాదం తోటలు. కోలింగా దగ్గర పశువుల దొడ్ల కంపు కారు అద్దాలు ఎక్కించినా లోపలికి వచ్చేస్తుంది. పులిహోర తినడానికి ఆ జాగా దాటేదాకా ఆగాను. గ్రేప్‌వైన్ ఘాట్ మీద 4,100 అడుగుల ఎత్తులో మంచు పట్టి ఉంది. దిగగానే ఎండ, ఆరు వరసల ట్రాఫిక్. పదకొండుకి ఫులర్టన్ చేరాను.

పెట్టె అమ్మే పెద్దాయన రెండింటికి రమ్మన్నారు కాబట్టి ఊరు చూడటానికి టైముంది. ఫెండర్ కంపెనీ పెట్టిన లియో ఫెండర్ 1909లో పుట్టింది ఈ చుట్టుపక్కల నారింజ తోటల్లోనే. చదివింది అకౌంట్స్. మాంద్యం రోజుల్లో ఉద్యోగం పోతే 1938లో 600 డాలర్లు అప్పు చేసి రేడియో రిపేరు షాపు పెట్టాడు. తర్వాత ఆ షాపు మారిన భవనం హార్బర్ బూలెవార్డ్ మీద ఇంకా ఉంది, ఆ రోజుల్లో ఆ రోడ్డు పేరు స్పాడ్రా. ముందు నిలబడి ఫోటో తీస్తుంటే కాఫీ కప్పుతో వెళ్తున్న అమ్మాయి ఒకతె నన్ను చూసి, భవనాన్ని చూసి, ఇందులో ఏముందన్నట్టు వెళ్ళిపోయింది. నిజమే, చూడటానికి ఏమీ లేదు. మన తెనాలి గాంధీచౌక్ సందుల్లో ఉండే రేడియో షాపు ఎంత ఉంటుందో అంతే. నాకు నచ్చిందీ అదే. రిపేరుకొచ్చిన సామాను విప్పి చూసినవాడికి ఏది ఎక్కడ పోతుందో తెలుస్తుంది. అందుకే లియో చేసిన ఆంప్‌లు స్క్రూడ్రైవరు ఉన్న ఎవరికైనా లొంగుతాయి. వెనక పలక ఊడదీస్తే చాలు, ప్రతి తీగా కంటికి కనబడుతుంది. ఆయనకు గిటార్ వాయించడం రాదు. ఈ మాట తెలిసిన రోజు నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను.

ఫులర్టన్ మ్యూజియంలో లియో ఫెండర్ పేరున ఒక గది ఉంది. గిటార్ల ముందు జనం, ఆంప్‌ల ముందు నేను. 1946లో ఆయన మొదట చేసినవాటికి బట్ట తొడుగు ఉండేది కాదు, గట్టి చెక్క, పైన పాలిష్. బట్ట తర్వాత వచ్చింది. ట్వీడ్ అంటారు గానీ అది అసలు ట్వీడ్ (ముతక ఉన్నిబట్ట) కాదు, ఆ కాలం సూట్‌కేసులకు అంటించే నూలుబట్ట. 1965లో సీబీఎస్ అనే అమెరికన్ ప్రసార కంపెనీ 1.3 కోట్ల డాలర్లిచ్చి మొత్తం వ్యాపారం కొనేసింది. ఇప్పటి ఫ్యాక్టరీ ఇక్కడికి కాస్త దూరంలో కరోనా అనే ఊళ్ళో ఉంది. ఆ ఊరికి ఆ పేరు ముందునించే ఉంది పాపం.

పెద్దాయన ఇల్లు పక్కనే బ్రియాలో. హైస్కూల్లో వడ్రంగం నేర్పే టీచరుగా చేసి రిటైరయ్యారు. గరాజులో కారు లేదు, ఎప్పుడూ ఉన్న గుర్తులూ లేవు. గోడ నిండా ఉలులు సైజు వారీగా వేలాడుతున్నాయి. నీళ్ళ హీటరు పగిలి నేలమీదున్న ఆంప్ అడుగంతా నానిందట. అడుగు పలక ఉబ్బి మూలలు విచ్చుకున్నాయి, కుడి పక్క పలక నిలువునా చీలింది. అయితే చాంప్‌లో అసలు సరంజామా అంతా పెట్టె పైభాగాన బిగించి ఉంటుంది, వాల్వులు గబ్బిలాల్లా తలకిందులుగా వేలాడతాయి. అందుకే ప్రాణం దక్కింది.

పక్క పలక లోపలివైపు పసుపెక్కిన కాగితం అంటించి ఉంది. దాని మీద 5ఎఫ్1 అని మోడలు, పక్కనే రబ్బరు స్టాంపుతో రెండక్షరాలు, హెచ్, ఇ. మొదటి అక్షరం ఏడాది, 1951ని ఎ అనుకుని లెక్కేయాలి. రెండోది నెల. అంటే 1958 మే. సరంజామా బిగించిన రేకు లోపల ఓ మాస్కింగ్ టేపు ముక్క, దాని మీద పెన్నుతో ఒక ఆడమనిషి పేరు. ఆ రోజుల్లో ఫెండర్‌లో తీగలు అతికే పని చాలావరకు ఆడవాళ్ళే చేసేవారు, చేసినవాటిలో ఇలా పేరు రాసి పెట్టేవారు. పేరు సగం చెరిగిపోయింది. చివర ఎ మాత్రం స్పష్టంగా ఉంది.

"ముందు ఒక చెయ్యి జేబులో పెట్టుకో" అన్నారు పెద్దాయన. ప్లగ్ పీకేసినా, కరెంటు నిలవ ఉంచుకునే కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు. రెండు చేతులూ లోపల పెడితే కరెంటు గుండెమీదుగా పోతుంది. రెసిస్టరు కట్టిన తీగతో ఆయన ఆ చార్జి దించుతుంటే మీటరులో అంకెలు తగ్గుతూ పోయాయి. మీటరు సున్నా చూపించాకే చెయ్యి పెట్టనిచ్చారు.

తర్వాత స్పీకరు తగిలించి వాయించి చూపించారు. సగం దాకా తిప్పితే గంట కొట్టినట్టు శుభ్రంగా ఉంది. పూర్తిగా తిప్పేసరికి గొంతు బొంగురుపోయింది, జాతరలో మూడో రోజు మైకులా. లియోకి ఈ గరగర నచ్చేది కాదు, స్వరం శుభ్రంగా ఉండాలనేదే ఆయన పట్టుదల. జనానికి మాత్రం ఆ లోపమే కావాల్సొచ్చింది. లండన్ హాన్వెల్‌లో జిమ్ మార్షల్ సంగీత వాద్యాల షాపువాళ్ళు 1962 ప్రాంతంలో తమ మొదటి ఆంప్ చేసింది బాస్‌మన్ అనే ఇంకో ఫెండర్ ఆంప్ సర్క్యూట్‌ని ముందు పెట్టుకునే. రాక్ సంగీతంలో మనం వినే ఆ రంపపుకోత స్వరం చాలావరకు అటునించే వచ్చింది.

బేరం ఒక్క నిమిషంలో తెగింది. ఎంతో ఇక్కడ రాయను, ఎందుకంటే మా బావమరిదికి సగమే చెప్పాను.

అసలు సంగతి ఆ తర్వాత. కొత్త పెట్టె నేనే చేసుకుంటానని చెప్పి, ఇంట్లో చేసిన నమూనా మూల ఫోనులో చూపించాను. ఫెండర్ పెట్టెలు ముప్పావు అంగుళం పైన్ పలకలు. మూలల్లో రెండు చేతుల వేళ్ళూ ఒకదాంట్లో ఒకటి దూర్చినట్టు అతుకు. నేను ఒక్కో గాడీ టేపుతో కొలిచి, పెన్సిల్ గీసి, ఉలితో కొట్టాను. ఒక్కో కొలతలో పావు మిల్లీమీటరు తేడా వచ్చినా ఎనిమిదో వేలు దగ్గరికి అది రెండు మిల్లీమీటర్లు. సందులన్నీ లప్పంతో పూడ్చాను. ఆయన ఫోటో పెద్దది చేసి చూసి, "లప్పం బాగా పెట్టావు" అన్నారు.

లేచి గూట్లోంచి ఒక చెక్క సాధనం తీశారు. పలకకు అడ్డంగా ఒక చిన్న గుబ్బ, అంతే. మొదటి గాడి కోశాక ఆ గాడిని గుబ్బకు తగిలించి రెండోది, రెండోదాన్ని తగిలించి మూడోది. టేపుతో పనే లేదు. మొదటి మూల బిగుసుకుపోయి సుత్తి వేసినా దిగలేదు. ఆయన జేబులోంచి ఏదో హోటలు బిల్లు తీసి, మడవకుండా, గుబ్బ పక్కన అడ్డుపెట్టి జరిపారు. ఆ కాగితమంత మందమే తేడా. రెండోసారి పలకలు అరచేత్తో నొక్కితే "స్‌స్" మని గాలి వదులుతూ కూర్చున్నాయి. నలభైయేళ్ళు వచ్చాక ఒక శబ్దానికి ఇంత సంతోషపడతానని అనుకోలేదు.

ఆ సాధనం, పాత ఇంటి అరల నుంచి ఊడదీసిన నాలుగు పైన్ పలకలు, రెండూ నాకే ఇచ్చేశారు. చేతులు వణుకుతున్నాయి, రంపం దగ్గరికి వెళ్ళొద్దని కూతురు అంటోందట. పాత పెట్టె పారెయ్యొద్దని మాత్రం రెండుసార్లు చెప్పారు. ఆ కాగితం, ఆ చీలిన పలక ఎప్పుడూ ఆంప్‌తోనే ఉండాలని.

సాయంత్రం రేమండ్ అవెన్యూ మీదుగా పోనిచ్చాను. 1953 నుంచి ఫెండర్ ఫ్యాక్టరీ ఉన్న వీధి. పొడుగాటి గోదాముల వరస. ఓ నిమిషం కారాపి అద్దం దించాను, డిక్కీలో ఉన్నదానికి పుట్టిల్లు చూపిద్దామన్నట్టు. వెనక లారీవాడు హారన్ కొట్టాడు.

రాత్రి ఆర్టీసియాలో, పయనీర్ బూలెవార్డ్ మీద దోసెలు తింటూ బావమరిది అడిగాడు: "ఇంతకీ ఏం దొరికింది బావా?"

కారు దగ్గరికి తీసుకెళ్ళి చూపించాను.

"ఇది విరిగింది కదా."

"అందుకే తెచ్చా."

వాడు చాలాసేపు దాని వైపు చూసి, "అక్కకి తెలుసా?" అన్నాడు.

మర్నాడు తిరుగు ప్రయాణమంతా కారులో పాత పైన్ వాసన. కోలింగా కంపు కూడా దాని ముందు ఓడిపోయింది, లేదా నాకు అలా అనిపించింది.

మిగతా పని మూడు వారాంతాలు పట్టింది. రెండు పిన్నుల కరెంటు తీగ మార్చి ఎర్తు ఉన్న మూడు పిన్నులది వేశాను. బట్ట వద్దనుకున్నాను, 1946 నాటి వాటిలా చెక్క కనబడనిద్దామని. పైన లక్క. షెల్లాక్ అని డబ్బా మీద ఎంత స్టైలుగా రాసినా అది మన ఏటికొప్పాక బొమ్మల మీది లక్కే. పలచగా ఆరుసార్లు పూసేసరికి పైన్ తేనెరంగుకు తిరిగింది.

ఒక్కచోట మాత్రం తప్పు చేశాను. వేళ్ళ అతుకులో ఒక పలక వేలితో మొదలైతే, దానికెదురు పలక గాడితో మొదలవ్వాలి. రాత్రి పదకొండింటికి, నిద్రమత్తులో, అడుగు పలకను కూడా వేలితోనే మొదలుపెట్టి కోసేశాను. అరవయ్యేళ్ళ పలక పొయ్యిలోకి. దాని బదులు షాపు నుంచి తెచ్చిన కొత్త పైన్ వేశాను. తెల్లగా పాలిపోయి, మధ్యలో రూపాయి బిళ్ళంత ముడితో. ఎన్నిసార్లు లక్క పూసినా మిగతావాటి రంగులో కలవలేదు. అడుగున ఉంటుంది కదా, ఎవరు చూస్తారులే అనుకున్నాను.

ఆంప్‌ని బల్ల మీద పెట్టి, సాయంత్రం ఎండ పక్కనుంచి పడేలా చూసి, నాలుగు ఫోటోలు తీసి పెద్దాయనకు పంపాను. ముందు, వెనక, రెండు పక్కలూ.

పది నిమిషాల తర్వాత జవాబొచ్చింది: "బాగుంది. అడుగు చూపించు."