ఎర్ర చెట్ల హైదరాబాద్

ఈమధ్య మాదాపూర్ వైపు ఏ గ్రూప్ షోకి వెళ్లినా ఒక గోడ నెబ్యులాలకి, అంటే అంతరిక్షంలోని ధూళి, వాయు మేఘాలకి, రాసిచ్చేస్తున్నారు. నల్ల కాన్వాస్ మీద ఊదా, నీలం అక్రిలిక్ ఒంపేసి, టూత్‌బ్రష్‌తో తెల్లరంగు చిలకరిస్తే నక్షత్రాలు. 2022 జూలైలో జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపు మొదటి ఫొటోలు వచ్చాక ఈ వరస మరీ ఎక్కువైంది. బాగానే అమ్ముడుపోతున్నాయి కూడా. నాకు కాస్త కుళ్లు లేదని అనను గానీ, నా గొడవ అది కాదు.

వెబ్ ప్రధానంగా చూసేది ఇన్‌ఫ్రారెడ్‌లో, అంటే మన కంటికి ఆనని వెలుగులో. ఒక్కో ఫిల్టర్‌తో తీసింది నలుపు తెలుపుల్లోనే దిగుతుంది. పొడవాటి తరంగాలకి ఎరుపు, పొట్టివాటికి నీలం అంటూ కూర్చుని రంగులు పెట్టేది మనుషులే. కెరీనా నెబ్యులాలో ఆ తుప్పురంగు కొండలున్నాయే, ఆ తుప్పు కూడా అలా వచ్చిందే. చిత్రకారులు చేయాల్సిన పని అక్కడే సగం అయిపోయింది. మళ్లీ దాన్నే దించడం దేనికి?

నాకు ఇష్టమైన అంతరిక్ష చిత్రం వేసినవాళ్లు అసలు ఆర్టిస్టులే కాదు. 1965 జూలైలో నాసా వ్యోమనౌక మారినర్-4 అంగారకుడి పక్కనుంచి పోతూ తీసిన ఫొటోలు అంకెల రూపంలో భూమికి చేరాయి. కంప్యూటర్ వాటిని బొమ్మ చేసేదాకా ఆగలేక, జెట్ ప్రొపల్షన్ ల్యాబ్ ఇంజనీర్లు ఆ అంకెలున్న కాగితపు పట్టీలను పక్కపక్కనే అంటించి, ఈ అంకెకి గోధుమ, ఆ అంకెకి పసుపు అని పాస్టెల్స్‌తో దిద్దేశారు. దగ్గరికి వెళ్లి చూస్తే రంగు కింద అంకెలు ఇంకా కనిపిస్తాయి. తర్వాత ఫ్రేము కట్టి డైరెక్టర్‌కి ఇచ్చారట. విజా సెల్మిన్స్ అనే చిత్రకారిణి 1969లో, సోవియట్ వ్యోమనౌక లూనా-9 పంపిన ఫొటోలోని చంద్రుడి నేలను ఒట్టి పెన్సిల్‌తో గీసింది. అందులోనూ ఇలాంటి ఓపికే.

నా పని మాత్రం కిందకి చూసే ఉపగ్రహాలతో. మా మేనమామ బాలానగర్ రిమోట్ సెన్సింగ్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. చిన్నప్పుడు హైదరాబాద్ ఫొటో ఒకటి చూపించి, "ఎర్రగ కొడితే చెట్టనుకో కోడలా" అన్నాడు. ఆకులు నియర్ ఇన్‌ఫ్రారెడ్‌ని బాగా వెనక్కి కొడతాయి. కనిపించని ఆ వెలుగుకి ఎరుపు ఇచ్చేస్తారు. కాబట్టి కేబీఆర్ పార్కు కుంకుమ ముద్ద, కాలనీలు నీలి బూడిద, లోతైన నీళ్లు దాదాపు నలుపు.

ఇప్పుడు ఇస్రో వాళ్ల భువన్ సైటు నుంచి లిస్-3 అనే ఉపగ్రహ కెమెరా డేటా దించుకుని గడి గడిగా వేస్తున్నాను. ఒక్క గడి అంటే నేల మీద 23.5 మీటర్లు, మా అపార్ట్‌మెంటు మొత్తం అందులో పట్టేస్తుంది! కూకట్‌పల్లి వైపు ఒక చెరువు నల్లగా ఉండాల్సింది, అంచంతా మంచి ఎరుపు. చూసినవాళ్లు పార్కా అంటారు. కాదండీ, నీటి మీద పెరిగే గుర్రపు డెక్క ఆకులు. ఆ ఎరుపు కోసం క్రిమ్సన్‌లో కాస్త నారింజ కలపాల్సొచ్చింది, లేకపోతే రక్తంలా ఉంది.

మొన్న మామయ్య వచ్చి కళ్లజోడు పైకి నెట్టి చాలాసేపు చూశాడు. "పార్కు ఎండకాలంది, చెరువు వానకాలంది. రెండు తేదీలు కలిపినవేందే?" అన్నాడు. కావాలనే కలిపానన్నాను. ఒప్పుకోలేదు. కాన్వాస్ వెనక రెండు తేదీలూ రాయమన్నాడు, రాశాను.