ఐపీ పెడితే ఇల్లు పోతుందా?

ఐపీ (అప్పులు తీర్చలేనని కోర్టులో వేసే దివాలా పిటిషన్) పెడితే ఇల్లు, ఎడ్లు అన్నీ పోతాయని మా చిన్నాయనకు ఒకటే టెన్షన్. నిన్న హన్మకొండలో వకీలు సాబ్‌ను కలిశాం. రైతు ఉండే ఇల్లు, నాగలి, దుక్కిటెడ్లను అప్పు డిక్రీ (కోర్టు తీర్పు) కింద జప్తు చేయకుండా సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ కాపాడుతుందట. "కుదువ పెట్టినవైతే వేరే కథ" అన్నారు.

మామూలు మనుషుల ఐపీ ఇప్పటికీ 1920 నాటి చట్టం కిందే! 2016 దివాలా కోడ్‌లో వ్యక్తుల భాగం, కంపెనీల అప్పులకు జామీను ఉన్నవాళ్లకే అమలైంది. 2024 రుణమాఫీ అంటారా, 2 లక్షల దాకా, అదీ బ్యాంకు, సొసైటీ పంట రుణాలకే. చిన్నాయనవన్నీ నూటికి మూడు మిత్తి ప్రామిసరీ నోట్లు.

"అప్పిచ్చినాయనకు లైసెన్స్ ఉందా?" అని వకీలు అడిగితే చిన్నాయన పకపకా నవ్వాడు. మిర్చి రేటు పడ్డాక ఆయన నవ్వడం ఇదే మొదలు. సోమవారం నోట్ల జిరాక్సులతో మళ్లీ రమ్మన్నారు.