జమ్ము పెట్టె పక్కన 48 రోజులు

మా పాప 29వ వారంలోనే పుట్టింది. నాకు బీపీ పెరిగి ఎంతకీ తగ్గకపోతే అర్ధరాత్రి ఆపరేషన్ చేసి తీశారు. బరువు 1,140 గ్రాములు. రెండో రోజు సాయంత్రం చక్రాల కుర్చీలో తీసుకెళ్ళి చూపించారు. అద్దాల పెట్టె, ముక్కుకి గొట్టం, పాదానికి ఎర్రగా వెలిగే చిన్న పట్టీ, నా అరచేతి కన్నా కాస్త పెద్దగా ఉన్న వీపు. "చేతులు కడుక్కుని లోపల పెట్టి ముట్టుకోవచ్చమ్మా" అంది నర్సు. నాకు ధైర్యం చాలలేదు. చూసి వచ్చేశాను.

మాది సికింద్రాబాద్‌లోని మెట్టుగూడ. ఊహ తెలిసినప్పటి నుంచి చర్చి, సండే స్కూల్. వార్షికోత్సవం నాటికలో మోషే అక్క మిర్యాము వేషం రెండుసార్లు నేనే వేశాను. బైబిలు కథలన్నీ నాకు తెలుసనే అనుకునేదాన్ని. ఆ నాలుగు రోజుల్లో ఫోనుకి ఎన్ని బైబిలు వాక్యాలు వచ్చాయో లెక్కలేదు. పంపినవాళ్ళంతా ప్రేమతోనే పంపారు. కానీ "దేవుడు నీకు మేలే చేస్తాడు" అని చదివిన ప్రతిసారీ గుండె మరింత బరువెక్కేది. ఏం మేలు? ఎప్పుడు? ఎవరూ చెప్పలేరు కదా. ప్రార్థన చేద్దామని కళ్ళు మూసుకుంటే మాట వచ్చేది కాదు.

అయిదో రోజు నన్ను ఇంటికి పంపారు. పాప అక్కడే ఉంది. ఒడి ఖాళీగా పెట్టుకుని కారెక్కిన ఆ సాయంత్రం గురించి ఎక్కువ రాయలేను.

ఆ రాత్రి అత్తమ్మ నా మంచం పక్కన కూర్చుని బైబిల్లో మోషే పుట్టిన కథ, నిర్గమకాండం రెండో అధ్యాయం, పైకి చదివింది. అత్తమ్మది మెదక్ దగ్గర పల్లె. పెద్దగా చదువుకోలేదు, బైబిలు మాత్రం వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కుని చదువుతుంది. హెబ్రీయుల మగపిల్లల్ని నైలు నదిలో పడేయమన్న ఐగుప్తు రాజు ఫరో ఆజ్ఞ, మోషేని మూడు నెలలు దాచిన తల్లి, ఇక దాచలేక తెచ్చిన జమ్ము గడ్డి పెట్టె, దానికి పూసిన జిగటమన్ను, కీలు, అంటే తారు. అక్కడ ఆగి అడిగింది.

"పెట్టెకు కీలు ఎవరు పూసిండ్రు?"

"వాళ్ళమ్మే కదా అత్తమ్మా."

"దేవుడు సూసుకుంటడని ఉత్త పెట్టెల పెట్టొచ్చు గదా? పెట్టలే. నీళ్ళు సొర్రకుంట చేతనైనంత పూసింది. గప్పుడు నీళ్ళ మీద ఇడిసింది. పూసుడు ఆమె పని, కాసుడు ఆయన పని. నువ్వు కూడ పూస్తనే ఉండు బిడ్డా."

చిన్నప్పుడు ఆ కథలో నాకు కనపడింది నీళ్ళలో పెట్టెను చూసి బిడ్డను పెంచుకున్న రాజకుమార్తె, అంటే ఫరో కూతురు, అంతఃపురం. ఆ పెట్టెను వదిలి చేతులు వెనక్కి తీసుకున్న తల్లి ఆ రాత్రే కనపడింది. ఆ క్షణానికి రాజకుమార్తె వస్తుందని ఆమెకు తెలియదు. చదివే మనకు తెలుసు, ఆమెకు తెలియదు.

పాప పుట్టిన గంటలోనే ఊపిరితిత్తుల్లోకి ఒక మందు వేశారని డాక్టరుగారు ముందే చెప్పారు. నెలలు నిండని పిల్లల ఊపిరితిత్తుల్లోని గాలి తిత్తులు ఊపిరి వదిలిన ప్రతిసారీ మూసుకుపోతాయట. అలా కాకుండా ఆ మందు లోపల పూతలా పనిచేస్తుందట. అప్పుడు ఆ మాట చెవిన పడిందే కానీ తలకెక్కలేదు. అత్తమ్మ "పూసుడు" అనగానే ఒక్కసారిగా గుర్తొచ్చింది. దుప్పటి కప్పుకుని చాలాసేపు ఏడ్చాను. ఆ పూత వేయడం ఎవరో కనిపెట్టారు, ఎవరో నేర్చుకున్నారు, ఆ రాత్రి డ్యూటీలో ఉన్న ఎవరో వేశారు. నేను స్పృహలో లేనప్పుడు కూడా నా బిడ్డ పెట్టెకు కీలు పూసే చేతుల్ని దేవుడు సిద్ధంగా ఉంచాడు. నేనిది మనసారా నమ్ముతున్నాను.

ఇక నా పని పాలు. రాత్రీ పగలూ రెండు మూడు గంటలకొకసారి పిండాలి. మొదట్లో అరగంట కూర్చుంటే సీసా అడుగు కూడా తడిసేది కాదు. పాపకి గొట్టం ద్వారా రెండు గంటలకి ఒక్క మిల్లీలీటరు పట్టేవాళ్ళు, ఆ కాసిన్ని కూడా నా దగ్గర సరిపడా ఉండేవి కావు. అప్పుడు బైబిల్లో కరువు రోజుల్లో ఏలీయా ప్రవక్తకి రొట్టె పెట్టిన సారెపతు ఊరి విధవరాలు నాకు తోడైంది. తొట్టిలో పట్టెడు పిండి, బుడ్డిలో కొంచెం నూనె. ఆ కథను జాగ్రత్తగా చదివితే తొట్టి నిండిపోయిందని ఎక్కడా లేదు. పిండి తక్కువ కాలేదు, నూనె అయిపోలేదు, అంతే. అంటే ఆమె ప్రతి రోజూ తొట్టిలోకి తొంగి చూసే ఉంటుంది. ప్రతి రోజూ అడుగునే ఉండి ఉంటుంది. ఆ పూటకి సరిపోయింది. నేనూ "ప్రభువా, ఈ రెండు గంటలకి" అని అడగడం మొదలుపెట్టాను. చాలా రోజుల తర్వాత నా నోటి నుంచి వచ్చిన మొదటి ప్రార్థన అదే.

ఆ సీసాల మీద పేరు, టైము రాసి, ఐసు డబ్బాలో పెట్టి మా ఆయన పొద్దున్నే మెట్రో ఎక్కేవారు. మెట్టుగూడ నుంచి ఆసుపత్రి ఉన్న మాదాపూర్ దాకా రైలు మారే పని లేదు. ఎనిమిదో రోజు నుంచి నేనూ వెళ్ళాను. కుట్లు లాగుతున్నా ఇంట్లో ఉండలేకపోయాను.

బిల్లుల సంగతి ఒక్క ముక్కలో చెప్తాను. నగలు కుదువ పెట్టాం, మావయ్యగారు రిటైర్మెంటు డబ్బు తీశారు, మా చర్చి స్త్రీల మైత్రి సంఘం వాళ్ళు అడగకుండానే కవరు తెచ్చి అత్తమ్మ చేతిలో పెట్టారు.

బయట వరండాలో వరుసగా కుర్చీలు ఉండేవి. నాలాంటి తల్లులు, అమ్మమ్మలు. పాతబస్తీ నుంచి ఒకావిడ వచ్చేది, మనవడు లోపల ఉన్నాడు. అందరం నానీ అనేవాళ్ళం. నా ఒళ్ళో బైబిలు చూసి ఏం చదువుతున్నావని అడిగింది. చెప్పాను. "మూసా నబీ వాళ్ళమ్మ!" అని ఆవిడ ముఖం వెలిగిపోయింది. వాళ్ళ ఖురాన్‌లోనూ ఆ తల్లి ఉందట. బిడ్డను నీళ్ళలో విడిచాక ఆమె గుండె ఖాళీ అయిపోయిందని ఉందని, తన గుండె మీద చేయి వేసుకుని చెప్పింది. సగం ఉర్దూ సగం తెలుగులో మేమిద్దరం ఆ తల్లి గురించి మా చుట్టాలావిడ గురించి మాట్లాడుకున్నట్టు చాలాసేపు మాట్లాడుకున్నాం.

పదమూడో రోజుకి పాప తిరిగి పుట్టినప్పటి బరువుకి వచ్చింది. పదిహేనో రోజు మొదటిసారి నా గుండెల మీద పడుకోబెట్టారు, కంగారూ పద్ధతిలో. బట్ట అడ్డం లేకుండా, చర్మానికి చర్మం ఆనేలా. 1978లో కొలంబియాలోని బొగోటాలో పెట్టెలు చాలక ఒక డాక్టరు మొదలుపెట్టిన పద్ధతి ఇది అని నర్సమ్మ చెప్పింది. పాప నా ఊపిరితో పాటు పైకీ కిందికీ కదిలింది. ఫరో కూతురు ఆ తల్లికే జీతమిచ్చి తన బిడ్డకే పాలివ్వమన్న మాట గుర్తొచ్చింది. వదిలిన బిడ్డ మళ్ళీ ఒళ్ళోకి వచ్చినప్పుడు ఆమెకి ఇలాగే ఉండి ఉంటుంది. ఇక భయం పోయిందనుకున్నాను.

పంతొమ్మిదో రోజు రాత్రి పాప ఊపిరి ఆగింది. ఆ వయసు పిల్లలు ఊపిరి తీయడం మర్చిపోతుంటారు. అలారం మోగుతుంది, నర్సు వచ్చి అరికాలు నిమిరితే మళ్ళీ తీస్తారు. అది అలవాటైపోయింది. ఆ రాత్రి మాత్రం మళ్ళీ మళ్ళీ ఆగింది, రంగు మారింది. ఇన్ఫెక్షన్ అన్నారు. నర్సు పాప దగ్గరే ఉంది, మందులు మొదలయ్యాయి, కానీ డాక్టరుగారు రాలేదు. ఎదురు వరుసలో ఇంకో పెట్టె దగ్గర ఉన్నారు. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి బిడ్డ అది. నేను అద్దం బయట నిలబడి చూస్తున్నాను. పది నిమిషాలు, ఇరవై, నలభై. ఆ బిడ్డ మీద, ఆ అమ్మాయి మీద నాకు కోపం వచ్చింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ నిజం.

అప్పుడు నా పక్కన యాయీరు నిలబడినట్టు అనిపించింది. పన్నెండేళ్ళ కూతురు చావుబతుకుల్లో ఉందని యేసు కాళ్ళ మీద పడిన తండ్రి. యేసు అతనితో బయల్దేరాడు. దారిలో పన్నెండేళ్ళుగా రక్తస్రావంతో బాధపడుతున్న ఒక స్త్రీ వెనక నుంచి వచ్చి ఆయన వస్త్రం ముట్టుకుంది. యేసు ఆగిపోయాడు. ఆమె తన సంగతంతా చెప్పుకునేదాకా విన్నాడు. ఆ సేపంతా యాయీరు ఏం చేశాడో సువార్త రాసిన మార్కు ఒక్క మాట కూడా రాయలేదు. నిలబడి ఉంటాడు. ఇంకేం చేస్తాడు? అంతలో ఇంటి నుంచి కబురు వచ్చింది, కూతురు పోయిందని. అప్పుడు యేసు అతనితో అన్న మాట, "భయపడకుము, నమ్మిక మాత్రముంచుము."

ఈ కథ ఎన్నిసార్లు విన్నానో. ఆ స్త్రీ కోసం ఆగిన యేసే యాయీరు ఇంటికీ నడిచాడన్నది మాత్రం ఆ అద్దం దగ్గరే నాకు అర్థమైంది. ఆమె మీద చూపిన దయ యాయీరు వాటాలోంచి తీసింది కాదు. నేను ఆ అమ్మాయి బిడ్డ కోసం కూడా ప్రార్థించాను. మొదట బలవంతంగా, తర్వాత మనస్ఫూర్తిగా.

తెల్లవారేసరికి పాప కాస్త కుదుటపడింది. ఆ కథ చివర్లో, చనిపోయిన పిల్ల లేచి నడిచాక, యేసు చెప్పిన మాట నాకు అన్నిటికన్నా ఇష్టం. ఆ పిల్లకి తినడానికి పెట్టమన్నాడు. మూడు రోజుల తర్వాత పాలు మళ్ళీ పట్టొచ్చని డాక్టరుగారు అన్నప్పుడు నాకు ఆ మాటే వినిపించింది.

కానీ ఈలోపే, రెండు రోజులకి, ఆ అమ్మాయి బిడ్డ పోయింది.

ఆమె వరండాలో నా పక్క కుర్చీలోనే కూర్చుంది. పాలు గడ్డకట్టి జాకెట్టు తడిసిపోతోంది. ఆమెకి చెప్పడానికి నా దగ్గర ఏ వాక్యమూ లేదు, ఉన్నా చెప్పి ఉండేదాన్ని కాదు. చున్నీ తీసి కప్పాను. నానీ ఆమె తలని తన భుజం మీదికి తీసుకుంది. చీకటి పడేదాకా అలాగే కూర్చున్నాం.

ఇంటికొచ్చి అత్తమ్మని నిలదీశాను. పెట్టెలో ఉన్నది మోషే ఒక్కడే, మరి నైలు నదిలో పడేసిన మిగతా పిల్లల సంగతేంటి? వాళ్ళ తల్లులు కీలు పూయలేదా?

అత్తమ్మ చాలాసేపు మాట్లాడలేదు. "నాకు తెల్వది బిడ్డా" అంది. తర్వాత మత్తయి సువార్త రెండో అధ్యాయం తీసి, యేసు పుట్టినప్పుడు హేరోదు రాజు చంపించిన పిల్లల దగ్గర వేలు పెట్టింది. రామా అనే ఊళ్ళో వినబడిన ఏడుపు, పిల్లలు లేకపోయేసరికి ఓదార్పు పొందనొల్లని తల్లి రాహేలు. "ఊకో అని ఎవ్వరు అన్నట్టు రాయలే సూడు. ఆమె ఏడుపును యేసయ్య పుట్టిన ముచ్చట్లనే పెట్టిండ్రు."

నా ప్రశ్నకి అది జవాబు కాదు. ఆ ప్రశ్న నా దగ్గర ఇంకా ఉంది. కానీ ఆ ఏడుపును తన పుస్తకంలోంచి తీసేయని దేవుణ్ణి అడగడానికి నాకిప్పుడు భయం లేదు. అంతకుముందు నేను అమ్మాయిలకి సండే స్కూల్లో మోషే కథ చెప్పేటప్పుడు ఫరో ఆజ్ఞను తొందరగా దాటించేసేదాన్ని. ఇప్పుడు దాటించను.

మిగతా రోజులు మెల్లగా గడిచాయి. కళ్ళ పరీక్ష అయింది, బాగానే ఉన్నాయన్నారు. 34 వారాలు నిండాక చీకడం, మింగడం, ఊపిరి తీయడం మూడూ కలిపి చేయడం నేర్చుకుంది. గొట్టం తీసేసిన రోజు నానీ తన మనవణ్ణి ఇంటికి తీసుకెళ్తూ నా చేతిలో ఖర్జూరాలు పెట్టి వెళ్ళింది.

48వ రోజు, 1,820 గ్రాములతో పాప ఇంటికొచ్చింది. ఆరు నెలలు నిండాక అందరం మెదక్ చర్చికి వెళ్ళాం. 1924 క్రిస్మస్ నాడు తెరిచిన చర్చి అది. కరువు రోజుల్లో మిషనరీ పోస్నెట్ దొర పని ఇచ్చి తిండి పెట్టి కట్టించాడని, తన తాతమ్మ అక్కడ రాళ్ళు మోసిందని అత్తమ్మ పాపను ఎత్తుకుని చూపిస్తూ చెప్పింది. రంగు అద్దాల్లోంచి పడే వెలుగుని పాప పట్టుకోబోయింది.

కానీ నాకు ఎక్కువగా గుర్తుండేది ఇంటికొచ్చిన మొదటి రాత్రే. ఇంట్లో మానిటరు లేదు, అలారం లేదు. ఇన్నాళ్ళూ ఆ అంకెల్ని చూస్తూ బతికినదాన్ని, అవి లేకుండా కన్ను మూయడం ఎలా? పాప పక్కన కూర్చుని అరికాలి మీద వేలు ఉంచాను. ఊపిరి తీస్తోంది, వదులుతోంది. రెండు గంటలకి లేచి పాలిచ్చాను. మళ్ళీ రెండు గంటలకి ఇచ్చాను. తెల్లవారుజామున అత్తమ్మ వచ్చి నా భుజం తట్టి, "నేను కూసుంట, నువ్వు పండు" అంది. పాదం మీద నుంచి వేలు తీశాను. పడుకున్నాను.